అడుగులకు అరిసెలు వండే రోజు రాకపోతే

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. తెలుగిళ్లలో ఈ వేడుకలు ఎన్ని తరాలుగా ఉన్నాయో చెప్పలేం. పిలుపందుకున్నవాళ్లు వచ్చి తిని దీవించి వెళ్తారు. ఈ వంటల వరసలో పిల్లల ఎదుగుదలను చాలా నిశితంగా చూసిన కళ్లు కనిపిస్తాయి. బోర్లా పడాలంటే మెడ నిలవాలి, నడుం తిరగాలి. అడుగు పడాలంటే ఒళ్లంతా ఒక్క క్షణం ఒంటికాలి మీద ఆగాలి. గడప దాటాలంటే ఆ నిలకడకు తోడు, ఎత్తు ఎంతుందో కంటితో కొలిచి రెండో కాలిని అంత ఎత్తు లేపాలి. మెడకు వచ్చిన పట్టు నడుముకు, అక్కడి నుంచి కాళ్లకు దిగుతుంది. పిల్లల డాక్టర్లు మోటార్ మైల్‌స్టోన్స్ అనేది వీటినే.

ఏ రోజు ఏం వండాలో ఇంట్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆ రోజు రాకపోతే ఎన్నాళ్లు ఎదురుచూడాలో మాత్రం ఎవరూ చెప్పరు. "వాళ్ల నాయన కూడా లేటుగానే నడిచినాడులే", "మగపిల్లోళ్లు కాస్త ఆలస్యమే", "ఒళ్లు ఎక్కువ కదా, అందుకే లేవలేకుండా ఉన్నాడు" అంటారు. చిత్తూరు పక్క పల్లెలోనైనా, తిరుపతి అపార్ట్‌మెంట్‌లోనైనా ఇవే మాటలు. తల్లికి ధైర్యం చెప్పాలని అనే మాటలే ఇవి. వాటివల్ల పోయే నెలలు మాత్రం బిడ్డవి.

ఎంత ఆలస్యం మామూలు, ఎక్కడి నుంచి కాదు అని తేల్చుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కలు బాగా పనికొస్తాయి. మన దేశంతో కలిపి ఐదు దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లల్ని గమనించి వేసిన లెక్కలవి. వాటి ప్రకారం ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఎవరూ పట్టుకోకుండా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య. అంటే తొమ్మిదో నెలలో నడిచిన బిడ్డా, పదిహేడో నెలలో నడిచిన బిడ్డా ఇద్దరూ మామూలు పిల్లలే. చేతులూ మోకాళ్ల మీద దోగాడకుండానే నేరుగా నడకకు వెళ్లిపోయినవాళ్లు కూడా ఆ పిల్లల్లో వందకు నలుగురున్నారు. కాబట్టి పక్కింటి పాపతో పోల్చుకుని టెన్షన్ పడాల్సిన పని లేదు. తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోతే, పద్దెనిమిది నెలలు నిండినా నడవకపోతే మాత్రం ఇంకో నెల చూద్దాం అనుకోకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ లెక్క కొంచెం మారుతుంది. ఎనిమిది వారాలు ముందు పుడితే, ఆరో నెలలో ఆ బిడ్డను నాలుగు నెలల బిడ్డలాగే చూడాలి. రెండేళ్లు వచ్చేదాకా ఈ సవరణ చేస్తారు.

నెలల లెక్క కంటే కదలిక తీరు ఎక్కువ చెబుతుంది. నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోవడం, పిడికిళ్లు ఎప్పుడు చూసినా బిగించే ఉండటం, చంకల కింద పట్టి ఎత్తితే కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడటం, లేదా ఒళ్లంతా మెత్తగా చేతుల్లోంచి జారిపోతున్నట్టు ఉండటం, ఇవన్నీ చూపించాల్సిన గుర్తులు. వీటిలో ఇంట్లో అందరూ పొరపాటు పడేది ఒకటుంది. ఏడాది నిండకముందే బిడ్డ ప్రతిదానికీ ఒకే చేయి చాపుతుంటే ఎడమచేతి వాటమనో, కుడిచేతి వాటమనో మురిసిపోతారు. అంత చిన్న వయసులో వాటం తేలదు. ఆ బిడ్డ ఒక చేతిని ఇష్టపడటం కాదు, రెండో చేయి పని చేయక వదిలేస్తూ ఉండొచ్చు. ఇక, నిన్నటిదాకా చేసిన పనిని బిడ్డ ఇవాళ చేయలేకపోతే, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

డాక్టరు చూడకుండా నేరుగా ఫిజియోకు వెళ్లడం మంచిది కాదు. ఆలస్యానికి కారణాలు చాలా ఉంటాయి. కాన్పు సమయంలో మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం, నెలలు నిండకపోవడం, పుట్టిన వారంలో పచ్చకామెర్లు మరీ ముదరడం, మేనరికపు పెళ్లిళ్లలో ఎక్కువగా కనిపించే కొన్ని జన్యు జబ్బులు, ఇలా. థైరాయిడ్ తక్కువగా ఉన్న బిడ్డకు ఎన్ని ఎక్సర్‌సైజులు చేయించినా ఉపయోగం ఉండదు, ఆ బిడ్డకు కావాల్సింది రోజూ ఒక మాత్ర. విటమిన్ డి లోపమైనా అంతే. అలాగే మూడు నుంచి ఐదేళ్ల మగపిల్లాడు నేల మీంచి లేచేటప్పుడు తన తొడల మీదే చేతులు ఊనుకుంటూ, తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు లేస్తుంటే, పిక్కలు మరీ లావుగా గట్టిగా ఉంటే, ముందు సీకే అనే రక్తపరీక్ష చేయించాలి. కండరాలు క్రమంగా క్షీణించే డుషెన్ జబ్బులో గట్టి వ్యాయామాలు మేలు చేయకపోగా కండరాన్ని ఇంకా దెబ్బతీస్తాయి.

ఇక ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ. ఈ రెండో పేరు మన దగ్గర చాలామందికి కొత్త. ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం అనుకుని, పసిపిల్లలకు ఉద్యోగమేమిటని అడిగేవాళ్లున్నారు. ఇక్కడ ఆ మాటకు అర్థం రోజూ చేసుకునే పని అని. పిల్లల పని ఆడుకోవడం, అన్నం తినడం, చొక్కా వేసుకోవడం, బడిలో రాయడం. మన దేశంలో ఈ చదువు 1950లో బొంబాయిలో కమలా నింబ్కర్ చొరవతో మొదలైంది. స్థూలంగా చెప్పుకుంటే ఫిజియోథెరపిస్టు మెడ, నడుము, కాళ్లు, నడక చూస్తారు. ఆక్యుపేషనల్ థెరపిస్టు చేతివేళ్లు, తిండి, బట్టలు, రాత చూస్తారు. స్థూలంగా అనే ఎందుకనాలంటే, ఒళ్లు అలా గీత గీసినట్టు రెండు ముక్కలుగా పనిచేయదు.

ఒకటో తరగతిలో వెనక బెంచీ మీద కూర్చున్న ఒక పిల్లను ఊహించుకోండి. బెంచీ ఎత్తు, కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి. నడుముకు పట్టు చాలక ఒళ్లు ఒక పక్కకు ఒరిగింది. ఒరిగిన ఒంటిని ఆపడానికి ఎడమ మోచేయి బల్ల మీద ఊని, ఆ అరచేతిలో చెంప పెట్టుకుంది. నోట్‌బుక్ పట్టుకోవాల్సిన చేయి తలను మోస్తోంది కాబట్టి, రాసిన ప్రతిసారీ పుస్తకం జరిగిపోతోంది. జరగకుండా పెన్సిల్‌ను గట్టిగా నొక్కుతోంది. వేళ్లు తెల్లబడ్డాయి, ములుకు విరిగింది. రాత బాలేదని టీచరు, ఒళ్లు వంచదని అమ్మ. కాపీరైటింగ్ పుస్తకం ఇంకొకటి కొనిచ్చారు. ఈ పిల్లకు కావాల్సింది ముందు కాళ్ల కింద ఒక పీట. పాదాలు ఆనితే నడుం నిలుస్తుంది, నడుం నిలిస్తే ఎడమ చేయి ఖాళీ అవుతుంది, ఖాళీ అయిన చేయి పుస్తకం పట్టుకుంటుంది. వేళ్ల బలం సంగతి ఆ తర్వాత చూడొచ్చు. చేతి పని సరిగా లేదంటే ముందు నడుం వైపు చూడటం ఆక్యుపేషనల్ థెరపిస్టులకు అలవాటు.

తెలుగు రాత విషయంలో ఇంకో మాట చెప్పుకోవాలి. పిల్లలు సున్నా చుట్టగలిగేది మూడేళ్ల దగ్గర. కూడిక గుర్తు నాలుగేళ్లకు, చతురస్రం ఆ తర్వాత, త్రిభుజం ఐదేళ్లకు అటూ ఇటూగా వస్తాయి. మన అక్షరాలు దాదాపు అన్నీ మెలికలే. గీతను మధ్యలో ఆపి, వెనక్కి తిప్పి, తలకట్టు పెట్టి, కింద ఒత్తు చేర్చాలి. మూడేళ్లు నిండిన బిడ్డను నర్సరీలో చేర్చి గళ్ల పుస్తకంలో 'అ' రాయమంటే, చేతికి ఇంకా రాని పనిని అడుగుతున్నట్టు. పెన్సిల్‌ను మూడు వేళ్ల మధ్య పట్టే తీరు కూడా చాలామందికి నాలుగు నుంచి ఆరేళ్ల మధ్యే కుదురుకుంటుంది. అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దించడం ఈ విషయంలో చాలా మంచి పద్ధతి. అక్షరం పెద్దది, భుజం నుంచి చేయంతా కదులుతుంది, వేలి కింద గింజల గరుకు తెలుస్తుంది, పెన్సిల్ పట్టే బాధ లేదు. థెరపీ సెంటర్లలో ఇసుక ట్రేలో చేయించేది కూడా ఇదే. ఆ ఒక్క రోజుతో ఆపకుండా ఏడాది పాటు సాగించొచ్చు.

చాలామంది తల్లిదండ్రులకు అందని అసలు సంగతి ఒకటుంది. వారానికి రెండుసార్లు సెంటర్‌కు తీసుకెళ్తే, అక్కడ ముప్పావు గంట థెరపిస్టు బిడ్డ కాళ్లూ చేతులూ కదిలిస్తే, దానివల్ల నడక వస్తుందని నమ్ముతారు. కదలిక అలా రాదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ ఆడాల్ఫ్ బృందం 2012లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఏడాది నుంచి ఏడాదిన్నర వయసు పిల్లలు ఆడుకుంటుంటే వాళ్ల అడుగులు లెక్కపెట్టారు. గంటకు సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడటం. అలిపిరి నుంచి కొండకు వెళ్లే మెట్లు 3,550. అంటే అప్పుడే నడక నేర్చిన పిల్లలు గంటన్నర ఆడుకుంటే అలిపిరి మెట్లన్ని అడుగులు వేస్తారు, పాతిక సార్లు పడి లేస్తారు. నడక రావడానికి మామూలు పిల్లలకే ఇంత అభ్యాసం కావాలి. మెదడుకు దెబ్బ తగిలిన బిడ్డకు ఇంకా ఎక్కువ కావాలి. వారానికి గంటన్నరలో అది ఎలా కుదురుతుంది?

ఇంకో చిక్కు కూడా ఉంది. థెరపిస్టు కాళ్లు కదిలిస్తుంటే బిడ్డ మెదడు ఆ పనిలో ఉండదు. సెరిబ్రల్ పాల్సీ, అంటే ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కదలికలు అదుపులో లేని పిల్లల మీద గత ఇరవై ఏళ్లలో వచ్చిన పరిశోధనలు చాలావరకు ఒకే వైపు చూపిస్తున్నాయి. బిడ్డ తనంతట తాను, తనకు కావాల్సిన ఒక పని కోసం, ఆ పనినే పదేపదే చేసినప్పుడు మార్పు వస్తుంది. పడుకోబెట్టి కాళ్లు చాచి మడవడం వల్ల, కరెంటు పెట్టించడం వల్ల మాత్రమే పని రాదు. కండరాలు కురచబడకుండా చేతికీ కాలికీ కట్టే స్ప్లింట్లు, నిలబెట్టే ఫ్రేములు అవసరమే. తుంటి కీలు పక్కకు జారుతోందేమో చూడటానికి ఎప్పటికప్పుడు ఎక్స్‌రే కూడా కావాలి. అవి ఒంటిని కాపాడతాయి. పని నేర్పేది అభ్యాసం. కాబట్టి ఆ ముప్పావు గంటలో థెరపిస్టు చేయాల్సిన పెద్ద పని, మిగిలిన వారమంతా ఇంట్లో ఏం చేయాలో తల్లికి చేసి చూపించి, ఆమెతో చేయించి చూడటం. తల్లిని తలుపు బయట కూర్చోబెట్టి బిడ్డను లోపలికి తీసుకెళ్లే సెంటరు ఎంత పెద్దదైనా, తల్లి లోపలికి వస్తానని అడగాలి.

"నడవాలి" అనేది ఇంట్లో పెట్టుకునే గురిగా మరీ పెద్దది. అన్నం తినేటప్పుడు పది నిమిషాలు చేతులు నేల మీద ఊనకుండా కూర్చోవాలి అనుకుంటే అది ఒక నెలలో అందుతుందో లేదో తెలుస్తుంది. అందకపోతే ఎందుకో వెతకొచ్చు.

ఇలాంటి అభ్యాసానికి రాయలసీమ ఇంట్లో దొరికినన్ని వస్తువులు ఏ సెంటర్లోనూ దొరకవు. పచ్చి వేరుశనక్కాయలే తీసుకుందాం. కాయను బొటనవేలు చూపుడువేలి మధ్య పట్టి నొక్కాలి, ఇంకో చేత్తో తొక్క విడదీయాలి, గింజ జారకుండా రెండు వేళ్లతో తీయాలి. ఒక పక్క చేయి బలహీనంగా ఉన్న ఐదేళ్ల పిల్లాడికి ఇది చక్కటి థెరపీ, ఎందుకంటే ఒక చేత్తో కాయ ఒలవడం చాలా కష్టం. బలహీనమైన చేయి కాయను గట్టిగా పట్టుకుంటే చాలు, మంచి చేయి విప్పుతుంది. మొదటి రోజు నాలుగు కాయలకే విసుగొస్తుంది. ఒలిచిన గింజ వాడి నోట్లోకే వెళ్తుంది కాబట్టి రెండో రోజు ఆరు ఒలుస్తాడు. మంచి చేతికి రోజూ కొన్ని గంటలు తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పని చేయించే పద్ధతి కూడా ఉంది. దానికి బలమైన ఆధారాలున్నాయి, కాకపోతే అది థెరపిస్టు చెప్పిన లెక్కలోనే జరగాలి. ఐదేళ్లలోపు పిల్లల చేతికి మాత్రం వేరుశనగ గింజలు, చింతగింజలు ఇవ్వకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వాళ్లకు రాగి సంగటి ముద్ద చాలు. తుంచి, వేళ్లతో గుండ్రంగా చేసి, పప్పులో ముంచి నోటికి చేర్చడంలో మణికట్టు, వేళ్లు, చూపు అన్నీ కలిసి పనిచేస్తాయి. ఇల్లంతా మెతుకులవుతాయని నాలుగేళ్లదాకా తల్లే తినిపిస్తే ఈ అభ్యాసమంతా పోతుంది. పూలు కట్టడం, బొంగరానికి తాడు చుట్టడం, అచ్చంగాయలు, తొక్కుడుబిళ్ల, ఇవన్నీ ఈ కోవలోవే.

వాకర్ గురించి గట్టిగానే చెప్పాలి. నడుముకు సీటు, కింద చక్రాలు ఉండే గుండ్రటి వాకర్ నడక నేర్పదు. బిడ్డ అందులో కూర్చుని మునివేళ్లతో నేలను తంతాడు, బరువు కాళ్ల మీద పడదు, పడకుండా ఆపుకోవాల్సిన అవసరమే ఉండదు. పైగా మెట్ల మీంచి దొర్లిపడే ప్రమాదం. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని నిషేధించింది, పిల్లల డాక్టర్ల సంఘాలు వద్దనే చెబుతున్నాయి. ఇక్కడ మాత్రం పేరుపెట్టే వేడుకకు మేనమామ తెచ్చే బహుమతి ఇప్పటికీ అదే. దాని బదులు కొయ్యతో చేసిన పాతకాలపు మూడు చక్రాల బండి తేవచ్చు. అందులో కూర్చోవడానికి ఏమీ లేదు, బిడ్డే లేచి నిలబడి, కర్ర పట్టుకుని, తన కాళ్ల మీద తన బరువు మోస్తూ నెట్టాలి. అది కూడా పక్కన పెద్దవాళ్లు ఉన్నప్పుడు, మెట్లు లేనిచోట. అసలు అన్నిటికంటే కావాల్సింది నేల. మెలకువగా ఉన్నప్పుడు పాకడం రాని పసిబిడ్డను రోజు మొత్తంలో కనీసం అరగంట, కొద్దికొద్దిసేపుగా, బోర్లా పడుకోబెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అద్దె పోర్షన్లో నేల చల్లగా ఉందని, మురికి అని, బిడ్డను చంక దించని ఇళ్లలో ఆ అరగంట కూడా దొరకదు.

నూనె మర్దన మంచిదే. చాచిన కాళ్ల మీద పడుకోబెట్టి అవ్వ ఒళ్లు రుద్దుతుంటే బిడ్డకు ఆ స్పర్శ హాయి. బిగుసుకున్న కాళ్లను బలవంతంగా లాగడం, తలకిందులుగా ఊపడం మాత్రం మానాలి. సెరిబ్రల్ పాల్సీకి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు ఇస్తామని లక్షలు అడిగేవాళ్లు తగిలితే వెనక్కి తిరగాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్త సంబంధ జబ్బులకు తప్ప మిగతావాటికి అది ఆమోదం పొందిన చికిత్స కాదు, అనుమతి ఉన్న పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి.

ఎక్కడికి వెళ్లాలి అన్న ప్రశ్నకు ఈ ప్రాంతం మరీ పేదది కాదు. తిరుపతిలో టీటీడీ నడిపే బర్డ్ ఆసుపత్రి పోలియో కాళ్ల ఆపరేషన్లకు పేరు పొందింది. 2014లో మన దేశం పోలియో రహితమైంది కాబట్టి అలాంటి చోట్ల ఎముకల ఆపరేషన్లూ స్ప్లింట్లూ ఇప్పుడు అవసరమయ్యేది సెరిబ్రల్ పాల్సీ, వంకర పాదాల వంటి సమస్యలున్న పిల్లలకు. వంకర పాదంతో పుట్టిన బిడ్డకు మొదటి వారాల్లోనే పోన్‌సేటి పద్ధతిలో వారం వారం కట్లు మొదలుపెడితే పెద్ద ఆపరేషన్ దాదాపు తప్పుతుంది. రాత్రిపూట బూట్లు నాలుగైదేళ్లు వేయాలి, మధ్యలో మానేస్తే పాదం మళ్లీ వంకర తిరుగుతుంది. తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ కాలేజీ ఉంది, రుయా ప్రభుత్వాసుపత్రి ఉంది. చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి గంట దూరం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లల్ని పరీక్షించి జిల్లా స్థాయి కేంద్రాలకు పంపాలి. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష భవిత కేంద్రాలున్నాయి. ఆశా కార్యకర్త మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలలకు ఇంటికి రావాలి. ఆ రోజుల్లో తల్లీబిడ్డల కార్డు తీసి, అందులోని ఎదుగుదల బొమ్మలు చూపించమని ఆమెను అడగొచ్చు. చాలా ఇళ్లలో ఆ కార్డు టీకాల తేదీల కోసం తప్ప తెరవరు.

కొరత థెరపిస్టుల సంఖ్యలో ఉంది, అందులోనూ పిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టులు మరీ తక్కువ. కుప్పం అవతలి పల్లె నుంచి తిరుపతికి రావాలంటే రానుపోను ఒక రోజు, ఒక కూలి, ఇద్దరి బస్సు ఛార్జీ. తల్లి ఒక్కతే చంకన బిడ్డతో తిరుగుతుంది, ఇంట్లో ఇంకో బిడ్డ ఉంటాడు. మూడు నెలల తర్వాత ఆమె రావడం మానేస్తే ఫైల్లో "ఫాలో అప్‌కు రాలేదు" అని రాస్తారు. ఆమె మానలేదు, ఆమెకు కుదరలేదు. నెలకొకసారి వచ్చినా సరిపోయేలా ఇంటి పని రాసివ్వడం, మధ్యలో ఫోన్‌లో మాట్లాడటం ఇక్కడ తప్పనిసరి.

ఆ ఫోన్‌తోనే ఇంకో ఉపయోగం ఉంది. సెంటర్లో బాగా నడుస్తున్న బిడ్డ ఇంట్లో ఎందుకు పడుతున్నాడో అర్థం కాని సందర్భాలు తరచూ వస్తాయి. అలాంటప్పుడు తల్లి రెండు నిమిషాల వీడియో తీసుకొస్తే చాలు. వంటింటి నుంచి హాల్లోకి వస్తున్న బిడ్డ, కింద అద్దంలా మెరుస్తున్న గ్రానైట్, జలుబు చేస్తుందని కాళ్లకు తొడిగిన సాక్సులు. ఆ సాక్సులు తీసేసి, వంటింటి నుంచి హాలు దాకా ఒక గోనెపట్టా పరవమని చెప్పడానికి థెరపిస్టుకు అర నిమిషం పడుతుంది.